పైతోట పీపాలు

తాడిచెట్టు కింద

ఈమధ్య హోసూరు పక్కన, బెంగళూరు పక్కన వైను చేసే తోటలు వచ్చాయి. అక్కడ రుచి చూసే ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎవరో చెబితే విని, నన్ను వెతుక్కుంటూ ధర్మపురి వస్తుంటారు. గ్లాసు తిప్పడం, వాసనలకు పేర్లు పెట్టడం వాళ్ళకు నాకంటే బాగా వచ్చు. "మీ కాలంలో ఎలా చేసేవాళ్ళు సార్?" అని అడుగుతారు. చెప్పబోతే, నాకు పని నేర్పిన చిన్నప్ప మేస్త్రీ దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేస్తాను. అందుకే రాసి పెడుతున్నాను. మా ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే అయినా అక్షరాలు వచ్చిన ఆఖరివాణ్ణి నేను. చదవడం రానివాళ్ళు వచ్చినవాళ్ళ చేత చదివించుకుని వినండి.

అరవైల చివర నేను ఆ పనిలో చేరినప్పుడు తమిళనాడంతా మద్యనిషేధం. చర్చిలో పూజకు వాడే ద్రాక్షారసానికి మాత్రం లైసెన్సు ఇచ్చేవారు. అలాంటి లైసెన్సు ఉన్న చిన్న తోట ఒకటి తళి దాటాక, కన్నడ సరిహద్దు దగ్గర, కొండ మీద ఉండేది. అప్పట్లో అదంతా ధర్మపురి జిల్లానే. మా ఊరు వెల్లిచందై. అక్కడ ఎండకు నేల పగులుతుంటే, ఆ కొండ మీద మిట్టమధ్యాహ్నం కూడా కంబళి కప్పుకునేవాళ్ళు. యజమాని జ్ఞానముత్తు గారు కోయంబత్తూరు పక్కవారు. నాకు కెమిస్ట్రీలో డిగ్రీ ఉందని, తెలుగూ తమిళమూ వచ్చని పిలిచారు.

వైను రుచి చూసే పని అంటే ఊళ్ళో ఏమనుకుంటారు? తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. మా నాయన బంధువులతో "మావాడు ద్రాక్షతోటలో లెక్కలు రాస్తాడు" అని చెప్పుకునేవాడు. పెళ్ళిచూపులకు వచ్చిన మా మామగారు నన్ను పక్కకు పిలిచి, పంటల గురించి మాట్లాడే నెపంతో మొహంలో మొహం పెట్టి నా నోటి వాసన చూసి వెళ్ళాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆయన కూడా మా వృత్తివాడే అనిపిస్తుంది.

నిజానికి మేము ఒక్క గుక్క కూడా మింగేవాళ్ళం కాదు. నోట్లో పోసుకుని, తిప్పి, ఇసుక నింపిన తొట్టిలో ఉమ్మడమే. మింగితే మూడో గ్లాసుకల్లా అన్నీ మంచిగానే ఉంటాయి. రుచి చూసే రోజుల్లో కాఫీ, వక్కాకు, బీడీ ఏవీ కూడదు. ముందు రోజు నుంచే కారం, వెల్లుల్లి, ఊరగాయ కూడదు. మా సరోజ కొత్త కాపురంలో మొత్తుకునేది.

"ఇదేమి పత్తెం? బాలింతకు వండినట్టు వండాల్నా రోజూ? మా అమ్మకు తెలిస్తే నీకేదో రోగం ఉందనుకుంటాది."

ఆమె మల్లెపూలు పెట్టుకున్న రోజు నేను వేరే గదిలో పడుకునేవాణ్ణి. ఆ వయసులో అది ఎంత శిక్షో ఇప్పటి పిల్లలకు చెప్పనక్కరలేదు.

ఇంకొక మాట ముందే చెప్పాలి. రుచి చూసేవాడి పని మంచిదాన్ని మెచ్చుకోవడం కాదు. చెడబోతున్నదాన్ని అందరికంటే ముందు పట్టుకోవడం. మంచి వైను గురించి ఎవరైనా మాట్లాడగలరు. పీపాలో పులుపు తిరగడం మొదలైనప్పుడు, ఇంకా నాలుకకు అందకముందే, ముక్కుకు సన్నగా తగులుతుంది. ఆ సన్నటిదాన్ని పట్టుకుంటే మిగిలిన పీపాలు దక్కుతాయి. అది జారిపోతే గది మొత్తం వెనిగర్ అవుతుంది. మా బతుకంతా ఆ కాస్త తేడా మీదే.

రెండు ముక్కాలి పీటలు

చిన్నప్ప మేస్త్రీ పీపాల గదికి పెద్ద. తెలుగు మాట్లాడే కిరస్తానీ కుటుంబం వాళ్ళది, తాతల తాతల కాలం నుంచి ఆ కొండల్లోనే ఉన్నారు. చిన్నతనంలో ఏదో మఠంలో విదేశీ ఫాదర్ల దగ్గర వైను చేయడం నేర్చుకున్నాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. తోటలో పెంకుటిల్లు, ఆదివారం చర్చి, పీపాలు, అంతే ఆయన లోకం. నేను చేరేనాటికి యాభై దాటి ఉంటాడు. కోపిష్టి. పనివాళ్ళు ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాళ్ళు. నేనూ మొదట్లో తప్పుకునేవాణ్ణి.

నేను చేరడానికి ముందు ఏడాది ఆయనకు ఒక గండం గడిచింది. ఖాళీ పీపాలో బూజు పట్టకుండా గంధకపు వత్తి వెలిగించి మూత పెడతారు. వత్తి ఆరిందో లేదో చూద్దామని ఆయన పీపాలో తలపెట్టి పొగ పీల్చి పడిపోయాడు. వారం ఆస్పత్రిలో ఉండి లేచి వచ్చాడు. ప్రాణం దక్కింది, దేవుడి దయ అని అందరూ అన్నారు. ఆ పొగ ఆయన దగ్గర ఇంకేం తీసుకుపోయిందో ఎవరూ అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చాకే ఆయన తనకు ఒక తోడు కావాలని యజమానిని పట్టుబట్టి అడిగాడట. ఆ తోడుగా నన్ను ఎంచుకున్న తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నా సర్టిఫికెట్లు ముట్టుకోలేదు. ఎదురుగా కూర్చోబెట్టి నాలుగైదు గ్లాసులు ఒకటి తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెట్టించాడు. ఒకదాంట్లో మంచి వైను, ఒకదాంట్లో వెనిగర్, ఒకదాంట్లో తడిసిన గోనెసంచి నానబెట్టిన నీళ్ళు. నేను ఏం చెబుతున్నానో విన్నట్టే లేదు. రెప్ప వేయకుండా నా మొహమే చూశాడు.

"వీడు చాలు సామి," అన్నాడు యజమానితో. "వీడి మొగంలో ఏమీ దాగదు."

తమాషాకి అన్నాడనుకున్నాను.

అక్కడ రుచి చూసే పద్ధతి ఇది. కిటికీ పక్కన రెండు ముక్కాలి పీటలు, ఎదురెదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. ఒకే పీపా నుంచి తీసిన వైను ఇద్దరి గ్లాసుల్లోనూ పోస్తారు. ఇద్దరూ ఒక్కసారే వాసన చూడాలి, ఒక్కసారే నోట్లో పోసుకోవాలి. నోరు తెరిచి చెప్పడం మాత్రం పెద్దాయనే ముందు. ఆయన "సరి" అంటే సరి, "పోయింది" అంటే పోయింది. ఆయన చెప్పాక నన్ను అడిగేవాడు. నా మాట ఎప్పుడూ ఆయన మాటతో కలిసేది. నాకు ఎంత గర్వంగా ఉండేదంటే, గురువు ముక్కూ నా ముక్కూ ఒకే అచ్చులో పోశాడు దేవుడు అనుకునేవాణ్ణి.

ఆయనకు ఒకటే కోరిక. కింద తోటలో అందరూ వేసే నల్లద్రాక్ష ఉండేది, పూజకు అది చాలు. కొండ నెత్తిన ఒక ముక్క నేల ఉంది. రాత్రిళ్ళు అక్కడ పళ్ళు కొరికేంత చలి. మఠం నుంచి తెచ్చిన తీగముక్కలు ఆ గండానికి రెండేళ్ళ ముందు అక్కడ నాటాడు. ఆ పైతోట కాయ ఆలస్యంగా పండుతుంది. చిన్న కాయ, మందం తోలు, పులుపు పోదు. నేను చేరిన తర్వాతి ఏడాది తొలికాపు వచ్చింది.

"కిష్టా," అన్నాడు ఆ రోజు, నన్ను ఎప్పుడూ అలాగే పిలిచేవాడు. "కిందిది పూజకు. ఇది నాకు. నేను పొయ్యేలోపల ఈ తోటది ఒక్క పీపా, మనిషి తల ఎత్తి చూసేటట్టు చెయ్యాల. అంతే, నాకింకేమీ వద్దు."

పైతోట తొలికాపు రుచి చూసిన రోజు నా మొహం ఎలా వెలిగిందో నాకు తెలియదు. ఆయన గ్లాసు అలాగే చేతిలో పెట్టుకుని నన్నే చూస్తూ, చాలాసేపటికి "సరి" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వైను అంత బాగా నచ్చిందేమో అనుకున్నాను.

జలుబు

తీర్థమలైలో మా పెదనాయన కొడుకు తలనీలాలకు వెళ్ళి, తెల్లవారుజామున కొండ మీంచి పడే తీర్థాల కింద తల తడిపి, ముక్కు దిబ్బడ వేసుకుని తోటకు తిరిగివచ్చాను. ఆ మర్నాడే పూజ పీపాల రుచి. ముక్కు పనిచేయడం లేదని చెప్పాలి. చెబితే మేస్త్రీ తిడతాడని భయం. మందు వాసన పీల్చి, తేలికైనట్టే ఉందని నన్ను నేను నమ్మించుకుని పీట మీద కూర్చున్నాను. ఆయన "సరి" అన్నాడు, నేనూ "సరి" అన్నాను.

కొన్నాళ్ళకు పెన్నాగరం పక్క ఒక చర్చి నుంచి ఫాదర్ ఆ పీపాల్లోంచి మేము పంపిన సీసాలు పట్టుకుని బస్సులో పడి మా తోటకే వచ్చాడు. నెమ్మదస్తుడు.

"వెనిగర్‌తో పూజ చేస్తే అది పూజ కాదు మేస్త్రీ," అన్నాడు. "ఊరంతా మోకాళ్ళ మీద కూర్చున్నది దేనికి మరి?"

మేస్త్రీ మొహం మాడిపోయింది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు అది వ్యాపారంలో పొరపాటు కాదు, పాపం. నేను నోరు తెరవబోతే చేత్తో ఆపాడు.

"తప్పు నాది సామీ. పెద్దోణ్ణి నేను. పిల్లోణ్ణి ఏమీ అనొద్దండి."

ఫాదర్ వెళ్ళాక మేస్త్రీ నన్ను తిట్టలేదు. "ముక్కు బాగలేకుంటే చెప్పాల అబ్బయ్యా. దాచొద్దు, యేసుసామి మీద ఆన, దాచొద్దు," అన్నాడు. బతిమాలినట్టు అన్నాడు. ఆ కోపిష్టి మనిషి బతిమాలడం నాకు వింతగా తోచింది.

చూడండి, బుద్ధి ఉన్నవాడైతే ఆ రోజే అడగాలి. జలుబు నాకు కదా, ఆయనకెందుకు తెలియలేదు? ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. పెద్దవాళ్ళను అనుమానించడం మన ఇళ్ళల్లో నేర్పరు. ఈ వృత్తిలో దిగేవాళ్ళు ముందు నేర్చుకోవలసింది అదే.

దుకాణాలు తెరిచిన కాలం

డెబ్బైల మొదట్లో ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. ఊరూరా దుకాణాలు. జ్ఞానముత్తు గారు అంతవరకు చెడ్డ మనిషేమీ కాదు. పనివాళ్ళ పేర్లు, వాళ్ళ పిల్లల పేర్లు కూడా గుర్తుపెట్టుకునేవారు. కానీ ఆశ లావు, పీక సన్నం. లారీల్లో చక్కెర, పీపాల్లో స్పిరిట్ దిగాయి. కింద తోట వైనులో అవి కలిపి, రంగు వేసి, తీయటి మత్తునీళ్ళు చేసి పంపించాం. సేలం దాకా పోయేది. దాన్నీ నేను రుచి చూడాల్సి వచ్చేది. ఆ రెండు మూడేళ్ళు నా నోటికి పట్టిన జిడ్డు ఇప్పటికీ వదల్లేదు.

"పైతోటదాంట్లో కూడా కలుపు మేస్త్రీ. అది మరీ పులుపు, ఎవరు తాగుతారు?" అన్నారు ఒకరోజు యజమాని.

"నన్ను తీసెయ్యండి, ఆ పైన కలుపుకోండి సామి," అన్నాడు మేస్త్రీ.

తీసేయలేదు. పైతోటది ఎంతో లేదు కాబట్టి వదిలేశారు. ఆ కాపులన్నిటిలోకీ మంచిది నాలుగు పీపాల్లో పోసి, వెనక గదిలో, చలి ఎక్కువగా ఉండే గోడ పక్కన పెట్టాడు మేస్త్రీ. వారానికోసారి నన్ను తీసుకుపోయి రుచి చూపించేవాడు. వాటి ముందు కూర్చున్నప్పుడు గంధకపు వత్తి వెలిగించేటంత జాగ్రత్తగా నా మొహం చూసేవాడు. నాలుగో పీపా నెలనెలకూ ఎదుగుతున్న సంగతి నాకు తెలుస్తుండేది. నేను ఏమీ అనకపోయినా ఆయనకూ తెలుస్తుండేది.

వేరువేరుగా

మళ్ళీ నిషేధం వచ్చింది. ప్రభుత్వపు ఒక్క ఉత్తర్వుతో దుకాణాలు మూతపడ్డాయి. మా తోటకు వచ్చిన ఆజ్ఞ సూటిగా ఉంది. చర్చికి పనికొచ్చేది ఉంచుకోవచ్చు. మిగిలినదంతా అధికారి కళ్ళముందు పారబోయాలి. చక్కెర, స్పిరిట్ కలిసినది పూజకు పనికిరాదు. అంటే కింద తోటదంతా పోయినట్టే. కలపనిది పైతోట నాలుగు పీపాలే.

మేస్త్రీ రెండు రోజులు నిద్రపోలేదు. ఒక పక్క ఆయన బతుకంతా మత్తునీళ్ళయి కాలువలో పోబోతోంది, ఇంకో పక్క ఆయన ప్రాణం పెట్టి దాచింది దక్కబోతోంది. "దేవుడు న్యాయం ఉన్నోడు కిష్టా, కలిపిందాన్ని కొట్టి, కలపందాన్ని విడిచినాడు," అన్నాడు. పైతోటది పూజకు పోతుందంటే ఆయనకు ఎంతో సంతోషం. తనకోసమని దాచుకున్నది దేవుడే అడిగి తీసుకుంటున్నాడన్నాడు.

వచ్చిన ఎక్సైజు అధికారి మర్యాదస్తుడు, కాఫీ కూడా పుచ్చుకోలేదు. అనేక తోటల్లో, చర్చి పేరు చెప్పి చెడిన సరుకు దాచి దొంగతనంగా అమ్మినవాళ్ళను చూశాడట. అందుకని ఒక షరతు పెట్టాడు. పూజకు పనికొస్తుందని ఇద్దరు రుచి చూసేవాళ్ళు చెప్పాలి. ఒకరిది ఒకరు వినకుండా, వేరువేరుగా. ఇద్దరి మాటా కలిసిన పీపాలు ఉంటాయి.

న్యాయమైన షరతే. ఆయనను నేను ఒక్కమాట అనలేను.

మేస్త్రీ మొహం ఒక్కసారిగా తెల్లబోయింది. "మేమిద్దరం కలిసే కూకుంటాం సామి, ఎప్పుడూ అంతే," అన్నాడు. అధికారి తల అడ్డంగా ఊపాడు. మేస్త్రీకి అలవాటు తప్పితే కష్టం కాబోలు అనుకున్నాను. అప్పుడూ తట్టలేదు నాకు.

నన్ను ముందు పిలిచారు. ఒంటరిగా పీట మీద కూర్చుని, ఎదురుగా ఖాళీ పీట పెట్టుకుని, రుచి చూశాను. మొదటి రెండూ బాగున్నాయి. మూడోది గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చేసరికే సన్నగా పొడిచింది. పులుపు తిరగడం అప్పుడే మొదలవుతోంది. ఆ చలికొండ వైనుకు పులుపు ఎలాగూ ఎక్కువ, నాలుక మోసపోతుంది, ముక్కు మోసపోదు. నాలుగోదాని మాట తర్వాత చెబుతాను. మూడోది పోయింది, మిగిలినవి సరి అని చెప్పి బయటికి వచ్చాను. మేస్త్రీ లోపలికి వెళ్ళాడు. వెళ్తూ నా మొహంలోకి చూశాడు. నేను ఏమీ చూపకూడదని, నిజాయితీగా ఉండాలని తల దించుకున్నాను.

ఆయన చాలాసేపు లోపలే ఉన్నాడు. నాలుగూ సరి అన్నాడు.

అధికారి మా ఇద్దరి మాటలూ పైకి చెప్పాడు.  జ్ఞానముత్తు గారు నన్ను వరండాలోకి లాక్కుపోయారు.

"చిన్నవాడివి, పొరపడ్డావని చెప్పు. పెద్దాయన మాట మీద నిలబడు. ఒక్క పీపా కోసం ఆయన పరువు తీస్తావా? ముక్కు పోయిందని పేరు పడితే ఆయన్ని పనిలో ఎవరు పెట్టుకుంటారు, తోట ఇంట్లో ఎవరు ఉండనిస్తారు?"

అప్పుడు వెలిగింది నాకు. గంధకం పొగ, జలుబు రోజు, ఎదురెదురు పీటలు, నా మొహం. అన్నీ ఒక్కసారే. ఆయనకు వాసన తెలియదు. నేను చేరిననాటి నుంచీ తెలియదు.  గది గుమ్మం దగ్గర నిలబడి, "సార్, మేస్త్రీ చెప్పిందే..." అని మొదలుపెట్టాను. పూర్తిచేయలేదు.

"వద్దు కిష్టా," అన్నాడు మేస్త్రీ. "వెనిగర్ను సామి బల్ల మీద పెట్టిస్తావా నా కోసరం? ఒగసారి జరిగింది, చాలు."

అధికారి వైపు తిరిగాడు.

"మూడోది పోయింది సామి. వాడు చెప్పినాడు గదా, పోయింది. నాకు వాసన తెల్దు. గంధకం పొగ మింగిన నాటి నుంచి, మల్లెపువ్వూ తెల్దు, పేడా తెల్దు. వాడి మొగం చూసి చెప్తాండినా ఇన్నాళ్ళూ."

యజమాని అరిచారు. "ఇన్నేళ్ళూ మమ్మల్ని మోసం చేసినావా?"

"మిమ్మల్ని చేసినా సామి. వైనును చెయ్యలేదు. వాడి మొగం అబద్ధం చెప్పలేదు."

అధికారి కిటికీ వైపు తిరిగాడు. ఆయనకు ఇష్టం లేదని మెడ చూస్తేనే తెలిసింది. "అయితే మేస్త్రీ మాట లెక్కలోకి రాదు," అన్నాడు నెమ్మదిగా. "ఒక్కరి మాటే మిగిలింది. ఇద్దరిది కావాలి." ఇంకొకరిని తెప్పిస్తాం, గడువు ఇవ్వండి అని యజమాని ఒక్కసారి అడిగి ఉంటే ఏమయ్యేదో! అడగలేదు. అప్పటికే ఆయన తోట అమ్మేయాలని మనసులో అనుకున్నట్టున్నారు. నేను అడిగాను. ఉద్యోగి మాట ఎవరు వింటారు? నాలుగూ పారబోయాలని తేలింది.

దాచి ఉంటే మూడు మంచి పీపాలు, ఒక చెడ్డ పీపా దక్కేవి. నిజం చెప్పినందుకు నాలుగూ పోయాయి. నిజం చెబితే మేలు జరుగుతుందని పిల్లలకు చెబుతుంటాం. నేను చెప్పను. చెప్పాల్సినప్పుడు చెప్పాలి, అంతే. మేలుకూ దానికీ సంబంధం లేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నా మాట ఒకటి. మీ ముక్కు పోతే ఆ రోజే చెప్పండి. మీ పక్కవాడి ముక్కు పోయిందని తోస్తే, ఆయన ఎంత పెద్దవాడైనా, చెప్పడానికి ఆయనకు ఒక దారి ఇవ్వండి. మేస్త్రీకి మేమెవ్వరం ఆ దారి ఇవ్వలేదు. చెబితే ఇల్లు పోయే చోట ఎవడు చెబుతాడు? ఆ తర్వాత నెల తిరగకుండానే ఆయన తోట ఇల్లు ఖాళీ చేశాడు. హోసూరులో అక్క కొడుకు ఇంట్లో ఉంటే రెండుసార్లు వెళ్ళి చూశాను. మూడోసారి వెళ్ళేసరికి లేడు. నేను కాఫీ గింజల కంపెనీలో రుచి చూసే ఉద్యోగం వెతుక్కుని, అక్కడే రిటైరయ్యాను. ఆ రెండుసార్లూ కూడా ఆయన వైను మాట ఎత్తలేదు. మాట్లాడాల్సింది పారబోసిన రోజే మాట్లాడుకున్నాం.

నాలుగో పీపా

కింద తోటదంతా పొద్దున్నే పారబోశారు. కాలువ ఎర్రగా పారి, చీమలు పట్టాయి. పైతోట పీపాలు ఆఖర్న దొర్లించి తెచ్చారు. మూడు అయిపోయాక, నాలుగోదాని ముందు మేస్త్రీ చేతులు జోడించాడు.

"సామి, ఒగ గ్లాసు."

అధికారి కాగితాలు చూసుకుంటున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

మేస్త్రీ గ్లాసు నింపాడు. తను తాగుతాడనుకున్నాను. తెచ్చి నా చేతిలో పెట్టాడు. లోపలినుంచి పీటలు రెండూ తెచ్చి, కాలువ గట్టున ఎదురెదురుగా వేశాడు.

"కూకో. ఈపొద్దు ఉమ్మొద్దు. మింగు. మింగి, ఎట్లుండాదో చెప్పు నాకు."

నాకు అర్థం కాలేదు. "మేస్త్రీ, మీరు..."

"నాకేమి తెలుసురా? ఈ తోట కాపుకొచ్చేటప్పటికే నా ముక్కు చచ్చిపోయింది. నా తీగ, నా వైను, ఎట్లుంటాదో నాకు తెల్దు. బాగుండాదని మాత్రం నీ మొగం చెప్పింది. ఎట్ల బాగుండాదో మొగం చెప్పదు గదా. నువ్వు చెప్పు."

ఇన్నేళ్ళలో మేము "సరి", "పోయింది" తప్ప వేరే మాట వాడలేదు.  గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

"నేరేడు పండు మేస్త్రీ."

"ఎట్లాంటిది? కోసిందా, చెట్టు కింద రాలి పగిలిందా?"

"కోసింది. కాస్త వగరు ఇంకా ఉండగానే కోసింది."

"ఆ, మంచిది. ఇంకా?"

"వాన రాబోయే ముందు... వాన పడలేదు, దూరంగా ఎక్కడో పడతాంటే గాలికి వస్తాది చూడు, ఆ మన్ను."

"తెలుసు. మా నాయన దున్నేటప్పుడు వచ్చేది. ఇంకా?"

"మిరియాలు. దంచినవి కాదు, పచ్చివి, తీగ మీదివి. దాని వెనక ఏదో ఉండాది మేస్త్రీ, నాకు పేరు తెలీదు."

"తెలీకుంటే పర్వాలేదు. మింగు. మింగినాక ఎంతసేపుంటాది?"

మింగాను.  ఎంతసేపు ఉందో చెప్పడానికి నేను చాలాసేపు మాట్లాడకుండా కూర్చోవలసి వచ్చింది. ఆయన అంతసేపూ కాచుకున్నాడు, నా మొహం చూడలేదు, కళ్ళు మూసుకుని చెవి నా వైపు పెట్టి కూర్చున్నాడు.

"ఇంకా ఉండాది," అన్నాను.

"ఇంకానా?"

"ఇంకా ఉండాది మేస్త్రీ."

ఆయన లేచి వెళ్ళి, అధికారి మనిషిని పక్కకు జరగమని, పీపా బిరడా తన చేత్తోనే ఊడదీశాడు. వైను కాలువలోకి దూకింది. ఆ వాసన గట్టంతా కమ్మింది. పారలు పట్టుకున్న పనివాళ్ళు, అటు తిరిగి నిలబడ్డ అధికారి, యజమాని, అందరూ ఒక్కసారిగా తలలెత్తి ఇటు చూశారు. మేస్త్రీ ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ, పీపా ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.